బాపు చెప్పిన ఇరవై ఒక్క ‘ఆఁ’లు

పుణె,
ఆదివారం మధ్యాహ్నం

బాపూ,

నీ కాళ్ళకు దండం పెట్టి రాస్తున్నాను. ఇక్కడ నేను బాగున్నాను. ఎల్లంతకుంటలో నువ్వూ, అత్తమ్మా, మామా, సిరిసిల్లలో అమ్మా, అన్నా అందరూ బాగున్నారని అనుకుంటున్నాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని ఆరో తరగతిలో నువ్వే నేర్పావు. తెలుగు సారు ‘ఊరెళ్ళిన తండ్రికి లేఖ’ అని హోంవర్కు ఇచ్చాడు. నువ్వు ఏ ఊరూ వెళ్ళలేదు, గోడ అవతల మరమగ్గాల షెడ్డులో, సాంచాల మధ్య నిలబడి ఉన్నావు. అయినా రాసి తెచ్చి చూపించాను. నువ్వు మొదటి వాక్యం కొట్టేసి, "ముందుగాల మంచిగున్నరా అని అడగాలె బిడ్డా. మన ముచ్చట ఎనుక జెప్పాలె" అని మళ్ళీ రాయించావు. ఇన్నాళ్ళకు నిజంగా నీకు ఉత్తరం రాస్తున్నాను. ఊరెళ్ళింది నువ్వు కాదు, నేను. అయితే నువ్వు కూడా ఇప్పుడు ఇంట్లో లేవు. దానికి కారణం నేనే. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

జేబులో ఫోను పెట్టుకుని ఈ పోస్టు కవరేమిటని అత్తమ్మ నవ్వుతుంది. నవ్వనీ. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకున్నది ఎంత? "హలో, ఆఁ, ఆఁ, మంచిది బిడ్డా, అమ్మకిస్తున్న." అంతే. కాగితమైతే నువ్వు నింపాదిగా చదువుతావు. పేపర్లో పెళ్ళిసంబంధాల ప్రకటనలు కూడా వదలని మనిషివి, ఇది మాత్రం వదులుతావా? అందుకే పేపరు తెలుగులోనే రాస్తున్నాను.

ముందు ఇక్కడి ముచ్చట్లు. వాన మొదలై చాలా రోజులైంది, ఆగడం లేదు. మనకు వాన అంటే వచ్చి, దంచి, వెళ్ళిపోతుంది. ఇక్కడిది సన్నగా పడుతూనే ఉంటుంది. బట్టలు ఆరవు. తడి వాసనతోనే కాలేజీకి వెళ్తాం, అందరి దగ్గరా అదే వాసన కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు. తిండికి లోటు లేదు, బెంగ పెట్టుకోకండి. రెండు పూటలా చపాతీలు. పప్పులో బెల్లం వేస్తారు. అన్నం చివర్లో చిన్న గిన్నెడు, ప్రసాదం పెట్టినట్టు. అమ్మ ఇచ్చిన ఎల్లిపాయ కారం డబ్బా అడుగు కనిపిస్తోంది. నా గదిలో ఉండే కేతకి మొదట్లో దాన్ని చూసి భయపడేది, ఇప్పుడు నాకంటే ఎక్కువ తినేస్తోంది. మనవాళ్ళెవరైనా భీవండి సాంచాల పనికి వస్తుంటే ఇంకో డబ్బా పంపమని అమ్మకు చెప్పు. రెండు పంపినా అక్కడిదాకా వెళ్ళి మోసుకొస్తాను.

సాయంత్రాలు రెండు గంటలు కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని దొరికింది. కష్టమేమీ లేదు. ఒకటే ఇబ్బంది, అక్కడ చప్పుడుండదు. హాస్టల్లోనూ ఉండదు. పుట్టినప్పటి నుంచీ గోడ అవతల నాలుగు సాంచాలు టకటకమంటుంటే చదివినదాన్ని, ఈ నిశ్శబ్దంలో అక్షరం ఎక్కలేదు. అన్న చేత ఫోన్లో సాంచాల చప్పుడు రికార్డు చేయించి తెప్పించుకున్నాను. అది చెవిలో పెట్టుకుని చదువుతాను. కేతకి ఒకరోజు లాక్కుని విని, "ఇది ఏ రైలు?" అంది.

ఇంకో సంగతి. ఈ పిల్ల మొదటి నెలలోనే నన్ను అడిగింది, "నేను మాట్లాడేటప్పుడు నా నోటి వంకే చూస్తావెందుకు? పళ్ళలో ఏమైనా ఇరుక్కుందా?" అని. నాకే తెలియదు అలా చూస్తానని. ఆలోచిస్తే మనింట్లో అందరం అంతే. సాంచాల షెడ్డులో మాట వినపడదు, పెదవులు కనపడతాయి. దారం తెగితే రెండు వేళ్ళు కలిపి విడదీస్తావు. చాయ్ కావాలంటే బొటనవేలు నోటి దగ్గరికి వెళ్తుంది. మిగతాదంతా పెదవులు చూసి తెలుసుకోవడమే. నన్ను బళ్ళో వేసేనాటికే నాకు ఆ విద్య వచ్చేసింది. దాన్ని ఒక విద్య అని ఎవరూ అనుకోలేదు, నేను కూడా. అందుకే ఇంత పొరపాటు జరిగింది.

బాపూ, ఇప్పుడు నా చదువు సంగతి. ఇంటరైపోయాక సైకాలజీ చదువుతానంటే వాడకట్టులో అందరూ ఏమన్నారో గుర్తుందా? "పిచ్చి డాక్టరా?" అన్నారు. అన్న నర్సింగ్ చేయమన్నాడు. అమ్మ, "మనసుకు సదువేందే, ఉన్నదానికంటె ఎక్కువ పరేషాన్ గాకపోతె" అంది. నువ్వు సాంచకు నూలు కండె మారుస్తూ, అందరి ముఖాలూ చూసి, "మనుషుల గురించి సదువుతదట. సదువనీయ్. సాంచాల గురించి నేను సదివి ఏం జేసిన?" అన్నావు. ఆ ఒక్క మాటతో నేను పుణె వచ్చాను.

ఈ నాలుగేళ్ళ డిగ్రీలో మొదటి రెండేళ్ళు అందరికీ ఒకటే పాఠాలు. మూడో ఏడు నుంచి ఎవరి దారి వాళ్ళు ఎంచుకోవాలి. దాన్ని స్పెషలైజేషన్ అంటారు. క్లినికల్ అని ఒకటి, మనసుకు వచ్చే జబ్బులు, వాటి పేర్లు, పరీక్షలు. దానికి పేరెక్కువ, అందరూ అదే కావాలంటారు. కౌన్సెలింగ్ అని ఇంకొకటి, ఎదుటి మనిషిని కూర్చోబెట్టి విని, దారి చూసుకోవడానికి సాయపడటం. పిల్లల ఎదుగుదల గురించి ఒకటి. చివరిది ఆర్గనైజేషనల్, అంటే పనిచేసే చోట మనుషులు ఎలా ఉంటారన్నది. అన్నకు ఆ చివరిదే ఇష్టం. "గది దీస్కో చెల్లె, హైదరాబాద్ల కంపెనీ నౌకరి, ఏసీ గది, మెడల కార్డు" అని మూడుసార్లు ఫోను చేశాడు. నేను నవ్వి వదిలేశాను. నాకు మొదటి నుంచీ క్లినికల్ మీదే చూపు. కేసు చూసి జబ్బు పేరు చెప్పేయాలని ఆరాటం. ఆ ఆరాటంలోనే ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చాను.

కాలేజీలో చెప్పి పంపారు, తెలిసిన ఒక మనిషిని గమనించి, ప్రశ్నలు అడిగి, కేసు స్టడీ రాసుకురమ్మని. ఇంట్లోకి అడుగు పెట్టగానే నాకు కేసు దొరికింది. పిలిస్తే నువ్వు పలకడం లేదు. అమ్మ ఏదో అడిగితే ఎటో చూస్తున్నావు. నలుగురు కూర్చుంటే లేచి వెళ్ళిపోతున్నావు. టీవీ ముందు కూర్చుని నవ్వాల్సిన చోట నవ్వడం లేదు. అన్న విసుగ్గా, "నా మీద కోపమున్నది బాపుకు. పిలిస్తె గూడ తిరిగి సూస్తలేడు" అన్నాడు. నా పుస్తకంలో ఉన్న గుర్తులన్నీ నీలో కనపడుతుంటే నాకు బాధ వేయలేదు బాపూ. ఉత్సాహం వచ్చింది. ఇది రాయడానికి చేయి ముందుకు పోవడం లేదు గానీ నిజం అదే.

ఒక మధ్యాహ్నం నిన్ను ముందుగదిలో కూర్చోబెట్టాను. అమ్మ ఓ మూల బీడీలు చేస్తోంది. గోడ అవతల సాంచాలు నడుస్తున్నాయి. ఇరవై ఒక్క ప్రశ్నల కాగితం తీశాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేనే తెలుగు చేసుకున్నాను. కింద అనుమతి ఇస్తున్నట్టు సంతకం కావాలంటే, కళ్ళజోడు కూడా వెతుక్కోకుండా, ఎక్కడ అని వేలితో అడిగి పెట్టేశావు. ఇక నేను కాగితాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, తల దించుకుని, పుణెలో నేర్చుకున్న మెత్తటి గొంతుతో చదవడం మొదలుపెట్టాను. ఈమధ్య దేని మీదా ఆసక్తి లేనట్టు ఉందా? నువ్వు "ఆఁ" అన్నావు. నిద్ర సరిగ్గా పట్టడం లేదా? "ఆఁ." చేసిన పనికి అర్థం లేదనిపిస్తోందా? "ఆఁ." ఎవరికీ అక్కర లేనట్టు అనిపిస్తోందా? "ఆఁ." అలా ఇరవై ఒకటి. ఒక్కదానికి కూడా నువ్వు కాదనలేదు. ఒక్కదానికి కూడా అనుమానం రాని నన్ను ఏమనాలి?

అమ్మ చేతిలో బీడీ ఆకు అలాగే ఉండిపోయింది. "ఏందే, గదంత నిజమేనా? ముప్పై ఏండ్ల సంది సంసారం జేస్తున్న, నాకొక్కనాడు జెప్పలే" అంది. నేను లెక్క కూడి చూసి, ఇది డిప్రెషన్, బాగా ముదిరింది అని చెప్పాను. చదువుకున్న ఆడపిల్ల కాగితం చూపించి చెప్పేసరికి ఇంట్లో ఎదురు మాట్లాడేవాళ్ళు లేకపోయారు.

ఒక్కడు మాట్లాడాడు. సాంచాలు బాగుచేసే యూసుఫ్ చిచ్చా. ఆ సాయంత్రం పానా తుడుచుకుంటూ అంతా విని, "బీమారి గీమారి ఏం లేదు బిడ్డా. మీ బాపుకు ఎనుకకెల్లి పిలిస్తె ఇనవడ్తలేదు. ఎదురుంగ కూసోని మాట్లాడి సూడు, పొద్దుగూకేదాక ముచ్చట వెడ్తడు. నా తోటి వెడ్తలేడా?" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? బయటి వాళ్ళ ముందు బాగున్నట్టే కనపడతారు చిచ్చా, ఈ జబ్బు లక్షణమే అది అన్నాను. ఆయన నా ముఖం కాసేపు చూసి, "సదువుకున్నదానివి, నీకే ఎరుక" అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగినవి నీకు తెలుసు, ఎందుకు జరిగాయో తెలియదు. అన్న నిన్ను కరీంనగర్ తీసుకెళ్ళాడు. డాక్టరు నా కాగితం చూశాడు, ముఖానికి మాస్కుతో రెండు ప్రశ్నలు అడిగాడు, నువ్వు రెండింటికీ "ఆఁ" అన్నావు. మాత్రలు రాశాడు. వాటితో నీకు మత్తు. మత్తులో సాంచాల దగ్గర నిలబడితే ప్రమాదమని అన్న భయపడ్డాడు. వాతావరణం మారితే మంచిదని పుస్తకంలో ఉందని నేను చెప్పాను. అలా నిన్ను అత్తమ్మ వాళ్ళింటికి పంపాం. బట్టల సంచి సర్దుతుంటే నువ్వు నా ఎదురుగా వచ్చి నిలబడి, "ఎందుకు బిడ్డా? నేను సాంచ తప్పు నడిపిన్నా?" అని అడిగావు. రెస్టు బాపూ అన్నాను. నువ్వు నా పెదవులు చూసి తల ఊపావు. ఒక్కరోజు సెలవు కోసం కూడా ఆ చప్పుడు వదలని మనిషివి, పొలాల మధ్య ఇంట్లో మంచం మీద కూర్చున్నావు. నేను బస్సెక్కి పుణె వచ్చేశాను. దారిలో ఏమీ అనిపించలేదు.

కేసు స్టడీ ఇచ్చాను. నీ పేరు రాయలేదు, ‘శ్రీ న’ అని రాశాను. క్లాసులో అందరికంటే మంచి మార్కులు నాకే. మాకు పాఠం చెప్పే మేడం కొన్ని పేరాలు చదివి వినిపించారు. ‘పిలిస్తే పలకడు, ముఖంలో ఏ భావమూ కనపడదు’ అన్న చోట కొందరు నోట్సు కూడా రాసుకున్నారు. "నీకు చూసే కన్ను ఉంది, క్లినికల్ తీసుకో" అన్నారు మేడం. అందరూ భుజం తట్టారు. నాకు ఏమీ అనిపించలేదు బాపూ. సంతోషం రావాలి కదా అని ఎదురు చూశాను. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియదు చూడు, అలా ఉంది. అలా చాలా రోజులుగా ఉంది. ఎప్పుడు మొదలైందో చెప్పలేను.

మూడు వారాల కిందట ప్రశ్నలు అడగడం సాధన చేయమని మమ్మల్ని జంటలుగా కూర్చోబెట్టారు. నాకు కేతకి. క్యాంటీన్ వెనక రేకుల కింద కూర్చున్నాం. రేకుల మీద వాన. కేతకి కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని చదువుతోంది. అవే ఇరవై ఒకటి. నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఆమె ఆగినప్పుడల్లా అవును, అవును అన్నాను. చివర్లో లెక్క వేసి కాగితం దించింది. ముందు నవ్వింది, తర్వాత నవ్వడం ఆపింది.

"నువ్వు వినలేదు కదూ?" అంది.

"లేదు."

"మరి అన్నింటికీ అవునన్నావెందుకు?"

"అడుగుతున్నావు కదా అని."

ఆ మాట నా నోట్లోంచి వస్తూ ఉండగానే నువ్వు కనపడ్డావు. ముందుగదిలో కుర్చీ, ముఖానికి అడ్డంగా నా కాగితం, గోడ అవతల సాంచాలు. ఎదురుగా కాగితం వైపు చూస్తూ, బిడ్డ ఏదో అడుగుతోంది, ముఖ్యమైనదే అయ్యుంటుంది అని, నేను ఆగినప్పుడల్లా "ఆఁ" అంటూ నువ్వు. ఇరవై ఒక్కసార్లు నన్ను నొప్పించకుండా కూర్చున్నావు.

ఏడుపొస్తుందేమోనని బాత్రూంలో కాసేపు నిలబడ్డాను. రాలేదు. బయటికొచ్చి బకెట్లో నానబెట్టిన బట్టలు ఉతుక్కున్నాను.

రెండు రోజుల తర్వాత అన్నకు ఫోను చేసి, నువ్వు ఎల్లంతకుంట వెళ్ళి ఒక పని చేయి అన్నాను. ఆదివారం వెళ్ళాడు. అక్కడ ఏం చేశాడో నీకు అర్థమై ఉండదు, ఇప్పుడు చెబుతున్నాను. నువ్వు వాకిట్లో గోడ వైపు తిరిగి కూర్చున్నావట. వెనక నిలబడి మూడుసార్లు పిలిచాడు. నువ్వు తిరగలేదు. ఎదురుగా వచ్చి, గొంతే తీయకుండా, ఒట్టి పెదవులతో చాయ్ తాగుతవా అని అడిగాడు. నువ్వు వెంటనే, "నేను తాగిన, నువ్వు తాగొచ్చినవా? ఎండల బండి మీద అచ్చినవేంది?" అన్నావట. అన్న అక్కడి నుంచే నాకు ఫోను చేశాడు. "మనం జేసిందేందే చెల్లె?" అన్నాడు. "మనం కాదు అన్నా, నేను" అన్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, పోయినేడు నువ్వన్న మాట. "మీరంత పట్నపోల్ల లెక్క మెల్లగ మాట్లాడవడ్తిరి" అని నవ్వావు. మేమూ నవ్వాం. మేం మెల్లగా మాట్లాడటం లేదు బాపూ. ముప్పై ఏళ్ళు సాంచాల మధ్య నిలబడితే చెవులు అరిగిపోతాయి. ఇది కూడా నీకు ఎవరూ చెప్పలేదు. నీకు మనసు జబ్బని వాడకట్టంతా తెలిసింది, నీ చెవుల సంగతి నీకే తెలియలేదు.

అన్న ఆ రోజే నిన్ను ఇంటికి తెస్తానన్నాడు. నేనే ఆపాను. ఎందుకు పంపామో చెప్పకుండా పంపాం, ఎందుకు తెస్తున్నామో చెప్పకుండా తేవొద్దు అన్నాను. నిన్ను అడగకుండా నీ సంచి సర్దడం అదే ఆఖరు. అందుకే ఇదంతా రాస్తున్నాను. వస్తావా, ఇంకొన్నాళ్ళు అక్కడే ఉంటావా, సాంచాల దగ్గరికి మళ్ళీ వెళ్తావా, అది నువ్వే చెప్పాలి. మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానేయకు. అన్న నిన్ను మళ్ళీ ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు, ఈసారి మాస్కు తీసి మాట్లాడమని ముందే చెబుతాడు. జగిత్యాలలో చెవుల డాక్టరు ఉన్నాడట, అక్కడ కూడా చూపించుకుందాం, నీకిష్టమైతే.

పోయిన మంగళవారం మేడం గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. నా కేసు స్టడీ బయటికి తీసి నా ముందు పెట్టి, "మీ నాన్నగారి వృత్తి అన్న చోట ఏం రాశావో చదువు" అన్నారు. ‘నేత కార్మికుడు’ అని రాశాను. రెండు మాటలు రాసి, కామా పెట్టి, తర్వాతి గడికి వెళ్ళిపోయాను. నిద్ర గురించి ఒక పేజీ, ముఖంలో భావాల గురించి ఒక పేజీ, నువ్వు బతికిన పని గురించి రెండే మాటలు. ఆ రెండు మాటల దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉంటే నేను కాగితం పక్కన పెట్టి నీ ఎదురుగా తలెత్తి కూర్చునేదాన్ని. సాంచాల ఇంట్లో పుట్టినదాన్ని, నేనే ఆగకపోతే ఇంకెవరు ఆగుతారు?

ఆర్గనైజేషనల్‌లో నిజంగా ఏం చెబుతారని మేడంను అడిగాను. ఏసీ గదులు, మెడలో కార్డులు మాత్రమే కాదట. పని మనిషిని ఏం చేస్తుంది, చప్పుడు ఏం చేస్తుంది, గంటల తరబడి నిలబడటం ఏం చేస్తుంది, ఇవన్నీ కూడా అందులో ఉన్నాయట. అయితే వాటి మీద మా కాలేజీలో ఇంతవరకూ ఎవరూ ప్రాజెక్టు చేయలేదట. శుక్రవారం ఫారం ఇచ్చేశాను. మొదటి గడిలో ఆర్గనైజేషనల్ అని రాశాను. మేడం కళ్ళజోడు తీసి, "ఖాయమేనా?" అన్నారు. ఖాయమే అన్నాను. అన్నకు చెప్పకు బాపూ, తన మాట విన్నానని ఊరంతా చాటుకుంటాడు. సరే చెప్పు, పాపం సంతోషపడనీ. మెడలో కార్డు మాత్రం ఆశపడొద్దని చెప్పు.

ఇక నీ అనుమతి కావాల్సిన సంగతి ఒకటుంది. ఆ కేసు స్టడీని మేడం వెనక్కి ఇచ్చేశారు, మార్కులు తీసేశారు. అది న్యాయమే. చించేయొచ్చు, లేదా ఈ పొరపాటు ఎలా జరిగిందో నిజంగా రాసి, తర్వాత వచ్చే పిల్లలకు చూపించడానికి ఇవ్వొచ్చు, కానీ నువ్వు ఒప్పుకుంటేనే అన్నారు. పోయినసారి సంతకం చదవకుండా పెట్టావు. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, ఇదంతా రెండుసార్లు చదివి, సరే అనో వద్దనో రాయి. వద్దంటే నేనేమీ అనుకోను. నీ గురించి అంత మంది ముందు చదివించాను, నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అమ్మకు చెప్పు, ఆ రోజు నువ్వన్నవన్నీ నిజం కాదని. పాపం అప్పటి నుంచీ నీకు తను ఏం తక్కువ చేసిందోనని లోపల లోపల కుములుతోంది. అత్తమ్మకు, మామకు నా నమస్కారాలు. నీకు ఇన్నాళ్ళు అన్నం పెట్టినందుకు అత్తమ్మకు ఏం చెప్పాలో తెలియదు. యూసుఫ్ చిచ్చాకు సలాం చెప్పు. ఆయన మాటే నిజమని నువ్వు చెప్పొద్దు. దీపావళికి వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి నేనే చెబుతాను. నన్ను దీవించు బాపూ. బాగా చదవాలని కాదు, ఎదుటి మనిషి ముఖం చూసి మాట్లాడే బుద్ధి ఉండాలని దీవించు.

ఇక్కడితో ఆపేయాలి. కానీ ఒకటి మిగిలింది. మొదట్లో నేను బాగున్నానని రాశాను, ఉత్తరమన్నాక అలా రాయాలి కాబట్టి. కేతకి కాగితం చూసి అడిగితే నేను అవునన్నవన్నీ నాకు వినపడనివే, నిజమే. కానీ ఆ రోజు గదికి వచ్చాక ఆ కాగితం తీసుకుని, ఒక్కదాన్నే కూర్చుని, ఒక్కో ప్రశ్నా చదువుకుని మళ్ళీ జవాబు రాశాను. చాలా వాటికి మళ్ళీ అవుననే వచ్చింది. రోజూ సాయంత్రం అమ్మ ఫోను చేసి తిన్నావా అంటుంది, ఆఁ అంటాను. బాగున్నావా, ఆఁ. అమ్మ నమ్ముతుంది. నేను బాగా లేను బాపూ. భయపడకు. మేడం చెప్పిన ఒకావిడ దగ్గరికి వారానికోసారి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టాను. ఆవిడ చేతిలో కాగితం ఉండదు. అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు. నీకు చెప్పాలనిపించింది. ఇది రాస్తుంటే, ఇన్నాళ్ళకు మొదటిసారి, కళ్ళు తడిశాయి. పైన అక్షరం అలుక్కుపోయింది అందుకే, వాన కాదు.

ఇప్పుడు నీ వంతు. ఆ ఇరవై ఒకటిలో ఒక్క ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాను. కాగితం మీద సాంచాల చప్పుడు ఉండదు, నీకు తొందర కూడా లేదు.

ఎవరికీ అక్కర లేనట్టు అనిపిస్తోందా, బాపూ?

కింద ఖాళీ వదిలాను. అక్కడే రాసి, ఇదే కాగితం మడిచి తిరిగి పంపు. ఏదైనా రాయి, ఎంతైనా రాయి. ఊరికే ఆఁ అని మాత్రం రాయకు.

నీ బిడ్డ,
లావణ్య